లిడియా సాక్ష్యం

నా కత్తెర కింద పడిన రోజున లిడియా సంగతి నాకు తెలిసింది.

రేపల్లెలో మా ఇంటి ముందు గదే నా కుట్టు షాపు. గోడకు అవతల పుల్లమ్మగారి ఇల్లు. ఆవిడ కోడలే లిడియా. కాన్పయి రెండు నెలలు దాటాక ఒక మధ్యాహ్నం జాకెట్టు కొలత ఇవ్వడానికి వచ్చి కుర్చీలో కూర్చుంది. నేను గుడ్డ కత్తిరిస్తుంటే పెద్ద కత్తెర చేతిలోంచి జారి నాపరాళ్ళ మీద ఖంగుమని పడింది. వంగి తీసుకుని తలెత్తేసరికి కుర్చీలో మనిషి లేదు. మిషను కింద, పెడలు పక్కన, మోకాళ్ళు కడుపులోకి ముడుచుకుని ఉంది. కళ్ళు తెరిచే ఉన్నాయి గానీ నన్ను చూడటం లేదు. "అయిపోయిందా, అయిపోయిందా" అని ఎవరినో అడుగుతోంది. ముఖమంతా చెమట. నేను మామూలుగా దేనికీ జంకే దాన్ని కాదు. ఆ రోజు మాత్రం జంకాను.

లిడియాను అంతకుముందు చూసినవాళ్ళెవరూ ఈ మాట నమ్మరు. ఆ పిల్లది కాకుమాను దగ్గర పల్లె. చిన్నప్పుడే తల్లి పోతే, కూలికి వెళ్ళే తండ్రి బాపట్లలో హాస్టల్లో పెట్టి చదివించాడు. టీచరు ట్రైనింగయి మా ఊళ్ళో రెండో తరగతికి పాఠాలు చెప్పేది. ఒకసారి స్కూల్లో పాము దూరితే మగ మేష్టర్లు బెంచీలెక్కి నిలబడ్డారట. ఈ పిల్ల గంట కొట్టే ఇనప కడ్డీ తీసుకుని దాన్ని చంపేసి, చేతులు కడుక్కుని వచ్చి పిల్లలచేత ఎక్కాలు చెప్పించింది. వాళ్ళ గుడిలో, అదే చర్చిలో, కీర్తనలు పాడేటప్పుడు శ్రుతి ఎటు పోయినా గొంతు మాత్రం తగ్గించేది కాదు. ఆ గొంతు మా ఇంటిదాకా వినపడేది. దాని గురించి నేను ఏడిపిస్తే లిడియా నవ్వేది. అలాంటి మనిషి నా మిషను కింద నక్కి వణుకుతోంది.

2006లో జరిగింది ఆ కాన్పు. తొలి కాన్పుకు పుట్టింటికి వెళ్దామంటే తల్లి లేదు కాబట్టి పుల్లమ్మగారే అన్నీ చూసుకున్నారు. నొప్పులు ముదిరాక ఇక్కడి ఆసుపత్రిలో మావల్ల కాదన్నారు, తెనాలి తీసుకెళ్ళారు. అక్కడికి వెళ్ళేసరికి బిడ్డ తల ఇరుక్కుపోయి గుండె కొట్టుకోవడం తగ్గుతోంది. ఆపరేషనుకు మత్తు డాక్టరు వచ్చేదాకా ఆగడానికి వీల్లేకపోయింది. ఒక నర్సు పొట్ట మీద తన బరువంతా వేసి నొక్కింది. ఆ హడావుడిలో పనిముట్ల స్టీలు ట్రే జారి నేల మీద పడింది. పాప నీలంగా పుట్టింది, చాలాసేపు ఏడవలేదు. పాప ఏడ్చాక తల్లికి రక్తం ఆగలేదు. భర్త వినయ్ కుమార్ రక్తం కోసం తెనాలి వీధులన్నీ పరిగెత్తాడు. చివరకు ఇద్దరూ బతికారు. డాక్టర్లు తమ చేతనైనదంతా చేశారు, వాళ్ళనేమీ అనడానికి లేదు.

ఊరి లెక్కలో కథ అక్కడితో సుఖాంతం. లిడియాకు మాత్రం అది ఆగలేదు. డెట్టాలు వాసన తగిలితే వాంతి చేసుకునేది. ఆసుపత్రి ఉన్న వీధి తప్పించి చుట్టు తిరిగి వచ్చేది. అన్నిటికంటే భయం వేసే సంగతి, పాపను ముట్టుకునేది కాదు. పాలు పట్టాలంటే పుల్లమ్మగారు పాపను తెచ్చి రొమ్ముకు ఆనించి, తాగినంతసేపూ తనే పట్టుకుని, మళ్ళీ తీసుకుపోవాలి. ఆ కాసేపూ లిడియా రెండు చేతులూ మంచం పట్టెలను బిగించి పట్టుకుని ఉండేవి. పాప నిద్రపోయాక మాత్రం గుమ్మం దగ్గర నిలబడి, ఆ చిన్న పొట్ట లేచి పడుతోందా లేదా అని రెప్ప వేయకుండా చూసేది.

దీని మీద ఇంకొకటి. పుల్లమ్మగారి వాళ్ళు లూథరన్లు. గండం గడిచి బయటపడినవాళ్ళు గుడిలో నలుగురి ముందూ నిలబడి, దేవుడు తమకు చేసిన మేలు చెప్పడం వాళ్ళ ఆచారం. సాక్ష్యం అంటారు దాన్ని. కోడలు నోరు తెరవకపోతే అత్తగారే మైకు అందుకున్నారు.

"నా కోడలు ఆ బల్ల మీద పడుకుని ఏమందో తెలుసా అండి? ప్రభువా, నన్ను తీసుకో, నా బిడ్డని మాత్రం బతికించు, అంది. ఆ ప్రార్థన విన్నాడండి దేవుడు."

విన్నవాళ్ళు కళ్ళొత్తుకున్నారు. దాంతో ఆ సాక్ష్యానికి పేరొచ్చింది. ఈ వీధిలో ప్రార్థన కూటం, ఆ వీధిలో ప్రార్థన కూటం, బాపట్లలో కూతురింట్లో ఒకటి, అన్నిచోట్లకూ కోడల్ని వెంటబెట్టుకుని వెళ్ళేవారు. లిడియా పక్కన నిలబడి, చివర్లో "అందరికీ వందనాలు" అనాలి, అంతే. అంతమాత్రానికే ఇంటికొచ్చి చలిజ్వరం వచ్చినదానిలా వణికేది. పుల్లమ్మగారి మీద నాకు ఒళ్ళు మండేది. ఆవిడతో ఉన్న చిక్కేంటంటే నోరు ఊరుకోదు. ఉన్నది ఉన్నట్టు చెప్పడం ఆవిడ జాతకంలో లేదు.

ఇలా ఉండగా వినయ్ కుమార్ అక్క విజయమ్మ బాపట్ల నుంచి వచ్చింది. మంచి మనిషే, కాకపోతే ఏదైనా తేల్చి మాట్లాడుతుంది. "ఇట్టాగయితే పిల్ల దక్కదు. బాప్తిస్మం అవగానే పాపను నేను తీసుకెళ్ళి డబ్బాపాలు అలవాటు చేస్తా. నువ్వు బాగయ్యాక చూద్దాంలే" అంది.

"తీసుకెళ్ళండి వదినా" అంది లిడియా వెంటనే.

తల్లి గుండె ఇంత రాయయిందేంటని పుల్లమ్మగారు కొంగు నోటికి అడ్డం పెట్టుకున్నారు. నేను లిడియా ముఖం చూశాను. ఆ ముఖంలో రాయి లేదు. పాప ఆ ఇంట్లోంచి బయటపడితే చాలన్నంత భయం ఉంది. ఎందుకో నాకప్పుడు అర్థం కాలేదు.

కాన్పు చేసిన డాక్టరమ్మే మళ్ళీ పరీక్షకు వెళ్ళినప్పుడు ఈ వాలకం చూసి, మనసు డాక్టరు ప్రకాశరావు దగ్గరికి పంపింది. తెనాలిలోనే ఒక మందుల షాపు మీద ఆయన గది. వినయ్‌కు ఆఫీసులో సెలవు దొరకదు, లిడియా ఒంటరిగా రైలెక్కలేదు, అందుకని తోడు నేను వెళ్ళేదాన్ని. పుల్లమ్మగారు వీధంతా కోడలు కళ్ళ పరీక్షకు వెళ్తోందని చెప్పి పెట్టారు. కొన్ని వారాలకు జనం కళ్ళజోడేదని అడగడం మొదలుపెడితే, "తయారవుతోంది, పెద్ద నంబరు" అన్నారు.

లిడియా పట్టుబడితే మొదటిరోజు నుంచీ నేనూ లోపలే కూర్చున్నాను. డాక్టరుగారు నెమ్మదిగా మాట్లాడే మనిషి.

"ఇది పిచ్చి కాదమ్మా. గాలి సోకడమూ కాదు. లారీ గుద్ది బతికినవాళ్ళకీ, తుఫానులో ఇల్లు పోయినవాళ్ళకీ వచ్చే జబ్బే, ప్రాణం మీదికొచ్చిన కాన్పు తర్వాత తల్లులకీ వస్తుంది. చాలామంది చెప్పుకోరు. అది ఎప్పుడో జరిగిందని మీకు తెలుసు, మీ ఒంటికి తెలియదు. ఒంటికి తెలిసేదాకా చెప్పాలి."

వైద్యం ఏంటంటే, కళ్ళు మూసుకుని, నొప్పులు మొదలైన దగ్గర్నుంచి పాప ఏడ్చేదాకా ఇప్పుడే జరుగుతున్నట్టుగా చెప్పాలి. వారం వారం అదే కథ. మొదట్లో ఆ పిల్ల రెండు మాటలకే ఊపిరి ఆడక లేచి తలుపు దగ్గరికి పోయేది. ఆయన తొందరపెట్టేవాడు కాదు. కాళ్ళు నేలకు ఆనించమనేవాడు, గదిలో కనిపించే వస్తువుల పేర్లు చెప్పమనేవాడు, తర్వాత మళ్ళీ మొదలు.

ఇంటి దగ్గర చేయాల్సిన పని నాకు అప్పగించాడు. కత్తెర పడేయడం. లిడియాకు ముందే చెప్పి, మొదట బెత్తెడు ఎత్తునుంచి, ఆమె కుదుటపడ్డాక మరికాస్త ఎత్తునుంచి, చివరకు బల్ల మీదనుంచి. కుట్టుపని చేసే ఎవరినైనా అడగండి, కత్తెర కింద పడేయమంటే ప్రాణం ఎంత విలవిల్లాడుతుందో. మంచి కత్తెర పదును నాశనమైంది. నేను సణుగుతూ పడేసేదాన్ని, ఆ పిల్ల కుర్చీ చేతులు పట్టుకుని, "పడింది కత్తెర, ఇది అక్క షాపు" అని పైకి అనుకుంటూ కూర్చునేది. ఒకరోజు కత్తెర మోగాక నా ముఖం చూసి నవ్వింది. ఆ నవ్వు చూసి ఎన్నాళ్ళయిందో, నాకు కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

అయినా పాపను ముట్టుకోవడం లేదు. డాక్టరుగారు ఒకటి కనిపెట్టాడు. కథలో ఒకచోటికి రాగానే లిడియా గొంతు చప్పగా అయిపోతుంది. "నర్సు నొక్కింది. తర్వాత పాప పుట్టింది" అంటుంది. నొక్కడానికీ పుట్టడానికీ మధ్య ఏదో దాటేస్తున్నారమ్మా అన్నాడు.

తిరుగు రైల్లో వేమూరు దాటాక కిటికీ వైపు చూస్తూ చెప్పింది.

"అక్కా, అత్తయ్య చెప్పేది నేను అనలేదు."

"ఏది?"

"నన్ను తీసుకో, బిడ్డని బతికించు అని. నేను అన్నది వేరే. పాప పోతే పోనీ, నన్ను బతికించండి, నన్ను బతికించండి అని అరిచాను. డాక్టరమ్మ చెయ్యి పట్టుకుని అరిచాను."

ఎదురు సీట్లో ఎవరో శనక్కాయలు ఒలుచుకుంటున్నారు. లిడియా గొంతు తగ్గించింది.

"దేవుడు విన్నాడక్కా. నేను ఇచ్చేశాను పాపని. తీసుకోడానికి వస్తాడు. నా చేతుల్లో ఉన్నప్పుడే తీసుకుంటాడు. అత్తయ్య ఆయన పేరు మీద ఆ అబద్ధం చెప్పినప్పుడల్లా, పక్కన నిలబడి వందనాలు అంటున్నాను. ఆయనకి ఇంకెంత కోపం వస్తోందో. బాపట్లలో ఉంటే పాప బతుకుద్ది."

ఇన్నాళ్ళూ ఈ పిల్ల బిడ్డంటే భయపడుతోందనుకున్నాం. బిడ్డ కోసం, తన చేతులంటే తనే భయపడుతోంది. పొద్దున్నే లేచి ఆ భయాన్ని మోసుకుంటూ బడికి వెళ్ళి, రెండో తరగతి పిల్లలకు కూడికలు నేర్పి వస్తోంది. రైలు దిగేదాకా దాని చెయ్యి పట్టుకుని కూర్చున్నాను.

తర్వాతి వారం ఆ మాట డాక్టరుగారికీ చెప్పింది. ఆయన ముఖంలో ఏ మార్పూ లేదు. "ప్రాణం పోతున్నప్పుడు ఒళ్ళు అరిచే అరుపది. బల్ల మీద అలా అరిచినవాళ్ళు చాలామంది ఉన్నారు. మళ్ళీ మొదటినుంచి చెప్పండమ్మా, ఈసారి అది కూడా కలిపి" అన్నాడు. చెప్పింది. కొన్ని వారాలు చెప్పగా చెప్పగా ఆ మాట దగ్గర ఊపిరి ఆగడం తగ్గింది. కానీ ఆదివారం కూటానికి వెళ్ళి వస్తే మళ్ళీ మొదటికొచ్చేది. నిజం బయటపెట్టమని డాక్టరుగారు ఒత్తిడి చేయలేదు. ఆ అబద్ధం పక్కన నిలబడటం మాత్రం మానుకోమన్నాడు. మానుకోవాలంటే అత్తగారికి కారణం చెప్పాలి. పామును చంపిన పిల్లకు అందుకు ధైర్యం చాలలేదు. నేను చెప్తానంటే నా నోరు నొక్కింది.

బాప్తిస్మం ఆదివారం రానే వచ్చింది. పాప తెల్ల గౌను నేనే కుట్టాను. విజయమ్మ సంచి సర్దుకుని వచ్చింది, ఆరాధన అవగానే పాపతో బాపట్ల బస్సెక్కడానికి. నేను కొంగు తల మీదికి కప్పుకుని ఆడవాళ్ళ వైపు చివర చాప మీద కూర్చున్నాను. ముందు వరసలో పాప విజయమ్మ ఒళ్ళో ఉంది.

పాస్టరు అయ్యగారు వాక్యం చదివాక సాక్ష్యానికి పిలిచారు. పుల్లమ్మగారు మైకు పట్టుకుని మామూలు కథ మామూలుగా చెప్పారు. ఈమధ్య దానికి ఇంకొంచెం చేర్చారు కూడా, బల్ల మీద లిడియా ముఖం వెలిగిపోయిందని. చివర్లో మైకు కోడలి చేతికిచ్చారు. లిడియా పెదవులు కదిలాయి, మాట రాలేదు.

అప్పుడే గోడవార బల్ల మీదున్న కానుకల పళ్ళెం ఎవరి మోచెయ్యో తగిలి కింద పడింది. ఇత్తడి పళ్ళెం, గచ్చు నేల. గుడంతా మోగింది.

లిడియా ఒక్కసారిగా మోకాళ్ళ మీద కూలిపోయింది. తల నేలకు ఆనింది, రెండు చేతుల్లో మైకు బిగుసుకుపోయింది. అదేంటో నాకు తెలుసు. గుడిలోవాళ్ళు మాత్రం దాన్ని వేరేగా చూశారు. తల్లి మోకరించింది, కృతజ్ఞతతో మాట రావడం లేదు అనుకున్నారు. ముందు వరస మోకరించింది, దాని వెనక వరస, ఆ తర్వాత మగవాళ్ళ వైపు, చివరికి అయ్యగారు కూడా. "ప్రభువా, ప్రభువా" అని నలువైపులా మూలుగులు. నేనొక్కదాన్నే తలెత్తి కూర్చుని ఉన్నాను. మైకులోంచి సన్నగా వినపడుతోంది, "అయిపోయిందా, అయిపోయిందా."

మోకరించినవాళ్ళ మధ్యనుంచి, వాళ్ళ చీరలు తొక్కుకుంటూ ముందుకు వెళ్ళాను. పక్కన కూర్చుని భుజం పట్టుకున్నాను. "లిడియా, ఇది గుడి. పడింది కానుకల పళ్ళెం. నేను షబీనాని. కాళ్ళు నేలకు ఆనించు." కాసేపటికి ఆమె కళ్ళు నా మీదికి వచ్చాయి. తలతిప్పి చూసింది.

"వీళ్ళంతా ఎందుకక్కా ఇట్టా?"

"నువ్వు ప్రార్థన చేస్తున్నావనుకుంటున్నారు."

అంతమంది వంగిన తలల్ని చూసింది. లేవలేదు. మోకాళ్ళ మీదే ఉండి మైకు నోటి దగ్గరికి తెచ్చుకుంది. కీర్తనలో శ్రుతి తప్పినప్పటిలాగే ఇప్పుడూ గొంతు తగ్గించలేదు.

"నేను ప్రార్థన చేయడం లేదండి. భయపడ్డాను. అత్తయ్య చెప్పింది నేను అనలేదు. పాప పోతే పోనీ, నన్ను బతికించండి అన్నాను. అదే అన్నాను. ఇన్నాళ్ళూ మీ అందరిముందూ అబద్ధానికి వందనాలు చెప్పాను."

ఎవరూ తలెత్తలేదు, ఎత్తాలో వద్దో వాళ్ళకు తెలియలేదు. విజయమ్మ పాపను గట్టిగా హత్తుకుంది. అందరికంటే ముందు పుల్లమ్మగారు కదిలారు. ఇంక ఈవిడ ఏం కప్పిపుచ్చుతుందో అనుకున్నాను. ఆవిడ నేల మీద చేతులు ఆనించి కోడలి దగ్గరికి జరిగారు. మైకు అడగలేదు.

"తెలుసు" అన్నారు.

లిడియా తలెత్తింది.

"తలుపు దగ్గర నేనేగా ఉంది. విన్నాను. బయట బెంచీ మీద మన ఊరోళ్ళు ఇద్దరున్నారు, వాళ్ళూ విన్నారేమో, రేపు నిన్ను కాకుల్లా పొడుస్తారేమోనని ఆ మాట తిప్పి చెప్పాను. ఒకసారి చెప్పాక ఆపడం చేతకాలేదు. నీకు నీడ కడుతున్నాననుకున్నా తల్లీ, నిన్ను తొక్కేస్తన్నానని తెలీలా."

"దేవుడు విన్నాడత్తయ్యా నా మాట. పాపని..."

"వింటే నీదొక్కదే విన్నాడా? తలుపవతల నేనేం అడిగానో తెలుసా? పిల్లలు మళ్ళీ పుడతారు, నా కోడల్ని ఉంచు అని అడిగా. నా మనవరాలిని నేను కూడా ఇచ్చేశా." ఆవిడ కోడలి చెయ్యి పట్టుకున్నారు. "నీ మాటా వినలేదు, నా మాటా వినలేదు ఆయన. ఇద్దర్నీ ఇచ్చాడు. నువ్వేమో ఒకదాన్ని బాపట్ల పంపిస్తానంటన్నావు."

లిడియా ఏడ్చింది. నేను ఆమె కన్నీళ్ళు చూడటం అదే మొదటిసారి. పుల్లమ్మగారు వెనక్కు తిరిగి, మామూలు కసురు గొంతుతో, "లేవండి అందరూ, మోకాళ్ళు నొప్పి పుట్టట్లా" అన్నారు.

అయ్యగారు నీళ్ళ దగ్గర నిలబడ్డాక విజయమ్మ పాపతో లేచింది. రెండడుగులు వేసి ఆగింది. ఏమీ తేల్చి మాట్లాడలేదు, పాపను తమ్ముడి భార్య ముందుకు చాపింది. లిడియా తన చేతుల్ని చూసుకుంది. అవి ఎంత వణుకుతున్నాయో చివరి చాప దాకా కనిపించి ఉంటుంది. చివరికి నేను కుట్టిన గౌను అంచు ఆ చేతుల్లోకి వచ్చింది.

"బిడ్డ పేరేంటమ్మా?" అన్నారు అయ్యగారు.

"దయామణి" అంది లిడియా.

నీళ్ళు నెత్తిన పడగానే పాప గుక్కపట్టింది. మెలితిరిగిపోయి, శబ్దం రాకుండా, ముఖం నీలంగా. ఆ ఒక్క క్షణం నేనూ ఆ ఆసుపత్రి గదిలోనే ఉన్నాను. లిడియా ముఖంలో రక్తం లేదు. కళ్ళు నా కోసం వెతికాయి, తర్వాత అత్తగారి కోసం. అంత భయంలోనూ ఆ చేతులు పాపను ఎవరికీ ఇవ్వలేదు, ఏడుపు వచ్చేదాకా అలాగే పట్టుకున్నాయి.